తెర పక్కన నిలబడిన అమ్మాయి

విశాఖపట్నం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి యువ రచయితకు,

ఆశీస్సులు. మీ నవల రాతప్రతి అంది నెల దాటింది. నిన్న రాత్రి మొదలుపెట్టి, ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా దీపం ఆర్పకుండా చివరిదాకా చదివాను. మీ వచనం శుభ్రంగా ఉంది. కానీ నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ వచనం కాదు, రెండో అధ్యాయంలో మీరు రాసి ఆ తర్వాత మరచిపోయిన ఒక్క వాక్యం.

పొరుగు రాజ్యాలను కబళించాలనే ఆశతో మీ మహారాజు గ్రహాంతరవాసులతో పొత్తు కుదుర్చుకుంటాడు. ఆ వచ్చినవాళ్ళకు గొంతు లేదు, ఒంటి మీద రంగులు మార్చుకుంటూ మాట్లాడతారు. మొదటి సమావేశంలో తెర పక్కన ఒక అమ్మాయి నిలబడి ఆ రంగులను చదివి రాజుకు చెబుతుంది. ‘ఒక్క రంగు చేజారుతుందేమోనని, కళ్ళు మండుతున్నా ఆమె రెప్ప వేయలేదు’ అని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. అటు తర్వాత రెండు వందల పేజీలలో ఆ అమ్మాయి మళ్ళీ కనిపించలేదు. పన్నెండో అధ్యాయానికి వచ్చేసరికి గ్రహాంతరవాసులు రాజుతో చక్కని తెలుగులో సంభాషిస్తున్నారు. రాజు సేనాపతిని ఎదురుగా నిలబెట్టుకుని, పని తీరిపోయిన మిత్రులను విందుకు పిలిచి విషం పెట్టి ఎలా చంపబోతున్నాడో నాలుగు పేజీల పాటు వివరిస్తాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. మీ చేతికి దొరికిన మాణిక్యాన్ని మీరే గుమ్మం బయట పారేశారు.

రెండు భాషల మధ్య నడిచే కుట్ర ఏదైనా మూడో మనిషి నోటి మీదుగా నడవవలసిందే. నలభై ఏళ్ళుగా ఈ మాట చెబుతున్నాను, ఇకముందూ చెబుతాను. ఆ మనిషిని మన వైపు దుబాసీ అనేవారు. ద్రోహం చేసేవాడికీ, ద్రోహానికి గురయ్యేవాడికీ మధ్య నిలబడి, ఇద్దరి ఊపిరీ వినగలిగినవాడు అతనొక్కడే. దుబాసీని తీసేస్తే మిగిలేది విలన్ ఉపన్యాసమే.

మీరు ఈ ఊరివారే కనుక మన చరిత్రనే ఒకసారి తలచుకోండి. విజయనగరం పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్ళాడు. ఆ ఫ్రెంచివాడి దగ్గరికి పోయే దారి అతని దివాను హైదర్ జంగ్ మీదుగా ఉండేది. 1757 జనవరి 24న కోట కూలింది, కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. అదే గద్దె ఎక్కిన ఆనంద గజపతిరాజు మరుసటి ఏడాదే ఫ్రెంచివాళ్ళకు ఎదురు తిరిగి, వాళ్ళ చేతిలో ఉన్న మన విశాఖపట్నాన్ని పట్టుకుని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి, బెంగాలులో ఉన్న క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు పంపగా కల్నల్ ఫోర్డు ఇక్కడి రేవులో దిగాడు. 1758 డిసెంబరులో చెందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. ఇంతవరకు పాఠ్యపుస్తకం కూడా చెబుతుంది. నవల రాసేవాడు చూడవలసింది ఆ తర్వాతి వారాలను. సైన్యం ఖర్చు భరిస్తానని ఒప్పుకున్న రాజు గెలుపు చేతికందగానే డబ్బు దగ్గర నసిగాడు, ఫోర్డు సైన్యం ముందుకు సాగలేక ఆగిపోయింది. ఆ రోజుల్లో రాజుగారి డేరాకూ ఫోర్డు డేరాకూ మధ్య ఎన్నిసార్లు ఎవరు తిరిగి ఉంటారు? రాజు ‘రేపు చూద్దాం’ అన్నప్పుడు ఆ మాట ఇంగ్లీషులోకి ఏమై వెళ్ళి ఉంటుంది? నాకు ఆ యుద్ధంకన్నా ఆ ‘రేపు’ మీద ఎక్కువ ఆసక్తి.

దాదాపు ముప్పై ఆరేళ్ళు గడిచాక, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషు కుంఫిణీ సైన్యం అదే వంశానికి చెందిన చిన విజయరామరాజును చంపింది. వీలైతే పద్మనాభం కొండ మెట్లెక్కి కిందనున్న పొలాల వైపు చూడండి. పిలిచి తెచ్చుకున్న మిత్రుడు ఇంటివాడిని ఎంత తొందరలేకుండా మింగుతాడో అక్కడ అర్థమవుతుంది. మీ గ్రహాంతరవాసులకు లేనిది ఆ ఓర్పే. నక్షత్రాలు దాటి వచ్చినవాళ్ళు పాయసంలో విషాన్ని పసిగట్టలేకపోవడమేమిటి?

నా సంగతి ఒకటి చెబుతాను. ఇరవై రెండేళ్ళ వయసులో నేను హార్బరులో సరుకు దింపించే ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా చేరాను. కళాసీల హాజరు మస్టరులో ఎక్కించడం నా పని. ఆయన తన పోటీదారులను అదలించడానికి బయటి నుంచి ఆరుగురిని తెచ్చిపెట్టుకున్నాడు. వాళ్ళ భాష ఆయనకు రాదు, నాకు కొంత వచ్చు. రెండేళ్ళు వాళ్ళ బలంతో పైకి వచ్చాక ఆయనకు వాళ్ళంటేనే భయం పట్టుకుంది. ఒక శనివారం సాయంత్రం నన్ను పిలిచి, సోమవారం నుంచి ఆ ఆరు పేర్లు మస్టరులో ఉండకూడదని చెప్పాడు. వాళ్ళకు మాత్రం పండక్కి బోనస్ ఇస్తున్నట్టు చెప్పమన్నాడు. చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. అంతకుముందు ఏనాడూ లేనిది, ఆయన తన చేత్తో వాళ్ళకు టీ గ్లాసులు అందించాడు. ఆరుగురిలో పెద్దవాడు గ్లాసు అందుకుని, తాగకుండా, నా మస్టరు పక్కన బల్ల మీద పెట్టి, ఆయన వైపు కాదు, నా మొహంలోకి చూశాడు. టీ మీద మీగడ కట్టేదాకా అలాగే చూశాడు. నేను తల దించుకున్నాను. తెల్లవారేసరికి గోడౌను తాళాలు పగిలి ఉన్నాయి, ఆ ఆరుగురూ ఊళ్ళో లేరు.

ఆ కథ మూడుసార్లు రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ‘గుమాస్తా పాత్ర కథకు అడ్డు, తీసేస్తే వేసుకుంటాం’ అని కార్డు రాశాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆత్రంతో తీసేశాను. కథ అచ్చయింది, ఒక్క పాఠకుడికీ గుర్తు లేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆనాడు గుమాస్తా అడ్డు అన్నారు, ఈనాడు ప్రతి అధ్యాయం చివరా మలుపు ఉండాలంటున్నారు. మీ విషపు విందు ఆ మలుపు కోసం పుట్టిందేనని నా అనుమానం. మనిషి మొహం కన్నా పెద్ద మలుపు నేను ఎక్కడా చూడలేదు.

కాబట్టి ఆ అమ్మాయిని మళ్ళీ తెర పక్కకు తీసుకురండి. రాజు తన పథకాన్ని సేనాపతికే కాదు, ఎవరికీ చెప్పకూడదు. విందుకు ఆహ్వానం మాత్రం ఆమె చేతే పలికించాలి. ఆమెకు రంగులు లేవు కదా, మరి వాళ్ళకు జవాబు ఎలా చెబుతుంది? రంగు గుడ్డలు పట్టుకుంటుందా, అద్దకపు నీళ్ళలో ముంచిన వేళ్ళు చూపుతుందా? అది మీరే కనిపెట్టాలి, కనిపెట్టకుండా ముందుకు పోవద్దు. ఎందుకంటే వంటింట్లో ఏం కలుపుతున్నారో ఆమె అప్పటికే పసిగట్టి ఉంటుంది. ‘మిత్రులారా, రండి’ అనే మాటకు వాడవలసిన రంగు అందుకునేటప్పుడు ఆమె చెయ్యి ఎంతసేపు ఆగిందో అవతలివాళ్ళు లెక్కపెడుతూ ఉంటారు. ఆ ఒక్క ఘట్టానికి మీ నాలుగు పేజీల ఉపన్యాసం ఖాళీ చేసిన చోటంతా ఇవ్వండి.

ఇది మూడు భాగాలుగా రావాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగారు. ఆ సంగతి మరోసారి చూద్దాం. తిరగరాసిన ప్రతిలో నాకు పన్నెండో అధ్యాయం ఒక్కటి పంపితే చాలు. కాగితానికి ఒకవైపే రాయండి, నా చూపు మునుపటిలా లేదు.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి