సేఫ్టీ కేబుళ్ళకు రంగులు ఉన్నాక మళ్ళీ దూరందూరంగా లాగడం ఎందుకు?

మీరు అడిగినవి రెండు. అణు విద్యుత్ కేంద్రంలో సేఫ్టీ కేబుళ్ళకు ప్రత్యేక రంగు ఉన్నప్పుడు మళ్ళీ వేరే దారుల్లో లాగడం దేనికి, ఆ రంగులు మన ఇంటి వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజుల్లాంటివేనా అని. రెండోది ముందు తేల్చేస్తా, కాదు. ఫేజు రంగు కేబుల్ లోపలి కోర్‌కి ఉంటుంది. ఈ రంగు బయటి తొడుగు మీదో, ట్రే (కేబుళ్ళను పరిచి తీసుకెళ్ళే పొడవాటి తొట్టి) మీదో, ప్యానెల్ నేమ్‌ప్లేటు మీదో కనిపిస్తుంది, ఆ కేబుల్ ఏ చానల్‌దో, అంటే విడివిడిగా పనిచేసే వరసల్లో దేనిదో చెబుతుంది, అంతే.

నేను ఒక భారజల రియాక్టర్ ప్రాజెక్టులో కేబుల్ పనులకు క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ చూశాను (పేరు వద్దులెండి). అక్కడ రియాక్టర్ ఆపాలా వద్దా అన్నది ఒక్క సెన్సార్ మాట మీద తేల్చరు. ఒకే పీడనాన్ని మూడు చానళ్ళు ఎవరి దారిన వాళ్ళు కొలుస్తాయి, మూడింట్లో రెండు ఆపమంటే ఆగిపోతుంది. ఆ మూడింటి కేబుళ్ళనూ తీసుకెళ్ళి ఒకే ట్రేలో పడేస్తే ఇక మూడు ఉన్నా ఒకటి ఉన్నా ఒకటే, ఒక్క మంట చాలు. కేబుల్ తెగితే రియాక్టర్ దానంతటదే ఆగేలా డిజైన్ ఉంటుంది కదా సార్, భయమేంటి అని కొత్త కుర్రాళ్ళు అడిగేవారు. తెగితే సరే. కానీ కాలేటప్పుడు తెగడానికి ముందే ఇన్సులేషన్ కరిగి పక్క వైరుకి తగులుకోవచ్చు, ఆ వైరులో కరెంటు ఉంటే, కరెంటు పోగానే పడిపోయి రియాక్టర్‌ను ఆపాల్సిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పడకుండా నిలబడిపోతుంది. దీన్ని హాట్ షార్ట్ అంటారు. పైగా రియాక్టర్ ఆగాక కూడా లోపలి వేడిని తీస్తూనే ఉండాలి, దానికి పంపులు తిరగాలి, వాల్వులు కదలాలి, వాటికి కరెంటు అందాల్సిందే.

ఇదంతా కాగితం మీది భయం కాదు. 1975 మార్చి 22న అమెరికాలో అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రంలో కేబుళ్ళు గోడ దాటే చోట గాలి లీకవుతోందేమో చూద్దామని కొవ్వొత్తి వెలిగించి పట్టుకున్నారు. సందులో నింపిన పాలీయురేథేన్ ఫోమ్ అంటుకుంది. దాదాపు ఏడు గంటలు మండింది, 1,600కు పైగా కేబుళ్ళు దెబ్బతిన్నాయి, ఒకటో యూనిట్‌లో అత్యవసర శీతలీకరణ వ్యవస్థ చేతికి అందకుండా పోయింది. ఒకదానికొకటి బదులుగా ఉండాల్సిన వ్యవస్థల కేబుళ్ళు మంటకు అందేంత దగ్గరగా ఉన్నాయి మరి. అందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ప్యానెల్ మీద వెలిగే ఇండికేటర్ దీపాల సంగతి. అవి సేఫ్టీవి కావులే అని వాటి వైర్లను ఎవరూ పట్టించుకోలేదు, ఆ వైర్లే విడిగా ఉండాల్సిన రెండు డివిజన్లనూ (ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోవాల్సిన సేఫ్టీ వరసలనూ) కలిపేశాయి. ఆ తర్వాత 1980లో అక్కడ నిబంధన వచ్చింది: రెండు వ్యవస్థల మధ్య మూడు గంటలు మంటకు తట్టుకునే గోడైనా ఉండాలి, లేదా మధ్యలో మండేదేదీ లేకుండా 20 అడుగుల ఎడం, దాంతోపాటు మంటను పసిగట్టి తనంతట తానే ఆర్పే ఏర్పాటు ఉండాలి. గంటసేపు తట్టుకునే అడ్డు పెట్టి అదే ఏర్పాటు చేసినా ఒప్పుకుంటారు.

మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రం ఉదాహరణ ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఒకటో యూనిట్‌లో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ బయటికొచ్చి అంటుకుని, మంట కేబుళ్ళ వెంట పాకింది. ఆదుకోవాల్సిన సరఫరా కేబుళ్ళు కూడా అదే దారిలో ఉండటంతో ప్లాంటు సుమారు 17 గంటలు కరెంటు లేకుండా ఉండిపోయింది. రియాక్టర్ వెంటనే ఆపేశారు, ఆపరేటర్లు టార్చిలైట్లతో పైకెక్కి చేత్తో వాల్వులు తిప్పి, అణు చర్య మళ్ళీ మొదలవకుండా ఆపే బోరాన్ ద్రావణం వదిలారు, డీజిల్ ఫైర్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్ళు పెట్టారు. రేడియోధార్మికత బయటికి రాలేదు.

ఇక రంగు దగ్గరికి వద్దాం. రంగు మంటను ఆపదు. అది పని చేసేది కేబుల్ లాగే రోజున, ఆ తర్వాత ఎప్పుడో ఇంకెవరో వచ్చి కొత్త కేబుల్ వేసే రోజున. ఒక రాత్రి షిఫ్టులో ట్రే మలుపు దగ్గర టార్చి వేసి చూస్తే ఒక చానల్ ట్రేలో ఇంకో రంగు కేబుల్ పడుకుని ఉంది. అసలు దారిలో వెళ్ళాలంటే పరంజా కట్టాలి, కాబట్టి పక్క ట్రేలోంచి కాస్త దూరం తీసుకెళ్ళి మళ్ళీ సొంత ట్రేలోకి ఎక్కించారు. రెండు చివర్లా ఫెర్రుల్ (వైరు చివర తొడిగే గుర్తు) నంబరు కరెక్టు, గ్లాండింగ్ (కేబుల్‌ను ప్యానెల్‌లోకి బిగించడం) కరెక్టు, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ రీడింగ్ బ్రహ్మాండం! ఏ ఎలక్ట్రికల్ టెస్టూ దాన్ని పట్టుకోలేదు, కంటికి కనబడ్డ రంగు తప్ప. "రెండు మీటర్లే కదా సార్" అని సూపర్‌వైజర్ బతిమాలాడు, కుదరదన్నాను, మొత్తం వెనక్కి లాగించాం.

అందుకే సేఫ్టీ సర్క్యూట్లను ఎలా వేరుచేయాలో చెప్పే ఐఈఈఈ 384 ప్రమాణం కేబుల్ మీద గుర్తు లాగకముందో లాగేటప్పుడో వేయాలి, లాగేశాక కాదు అంటుంది. కేబుల్ మీద 1.5 మీటర్లకు మించని దూరంలో ఒక్కో గుర్తు, ట్రే మీద 4.5 మీటర్లకు మించకుండా. లాగేశాక టేపు చుడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎందుకంటే వాడు ఆ కేబుల్ ఏ ట్రేలో ఉంటే ఆ ట్రే రంగే చుడతాడు, తప్పు శాశ్వతంగా దాక్కుంటుంది. అలాగని రంగు ఒక్కదాన్నే నమ్మకండి, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు ప్రతి గ్యాంగులోనూ ఉండొచ్చు, సోడియం లైటు కింద మంచి కళ్ళు కూడా మోసపోతాయి. పక్కనే అక్షరం, నంబరు ఉండాలి.

ఏ రంగు దేనికి అని అందరికీ ఒకే పట్టిక లేదు. వెస్టింగ్‌హౌస్ డిజైన్ ప్లాంట్లలో నాలుగు రక్షణ చానళ్ళకు ఎరుపు, తెలుపు, నీలం, పసుపు వాడారు. ఇంకోచోట ఇంకోటి ఉంటుంది. మీరు చేరబోయే ప్రాజెక్టు స్పెసిఫికేషన్ అడిగి తీసుకోండి, కేబుల్ షెడ్యూల్‌లో (ఏ కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన పట్టికలో) రూటు కాలమ్ చదవడం నేర్చుకోండి. ట్రేల దగ్గర అంత జాగ్రత్తపడి ప్యానెల్ లోపల రెండు చానళ్ళ వైర్లనూ కలిపి ఒకే టైతో బిగించేవాళ్ళు ఉంటారు, అక్కడ కూడా 6 అంగుళాల ఎడం గానీ మధ్యలో అడ్డు గానీ ఉందో లేదో తలుపు తీసి చూడండి.