రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఫోకస్ చేయడం ఎలా?

వ్యూఫైండర్‌లో అంతా స్పష్టంగా కనిపించినా ఫొటోలు మసకగా వస్తున్నాయంటే, తరచూ కారణం ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండానే దృశ్యాన్ని చూపించే కెమెరా) అలవాటే. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్ గుండా కాదు, పక్కనున్న వేరే కిటికీ గుండా. అందువల్ల ఫోకస్ తప్పినా దృశ్యం మసకబారదు, లెన్స్ మూత తీయకపోయినా తెలియదు (ఈ పొరపాటు నేనూ చేశాను).

చూడవలసింది మధ్యలో ఉండే చిన్న చతురస్రాన్ని. మనం చూసే కిటికీ కాక కెమెరాపై ఉండే రెండో చిన్న కిటికీ నుంచి వచ్చే ప్రతిబింబం అక్కడ అసలు దృశ్యంపై పడి, వస్తువు జంటగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పుతూ ఆ రెండూ ఒకటిగా కలిసేచోట ఆపితే ఫోకస్ కుదిరినట్టే. ప్రతిబింబం పక్కలకు జరుగుతుంది కనుక తలుపు అంచు వంటి నిలువు గీతను ఎంచుకోవాలి. అడ్డగీతలే ఉన్నప్పుడు కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ చేసి, మళ్ళీ మామూలుగా పట్టుకుని ఫ్రేమ్ సరిచూసుకోవచ్చు.

కదిలే మనుషుల విషయంలో ఇది నిదానమే. అప్పుడు 35 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్/8 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) వద్ద 3 మీటర్లకు పెట్టుకుంటే, 35 ఎం.ఎం. ఫిల్మ్‌పై సుమారు 2 నుంచి 7 మీటర్ల వరకు చక్కగానే వస్తుంది.

ఇన్నీ పాటించినా మసక పోకపోతే, రింగును అనంతం గుర్తుకు తిప్పి బాగా దూరంలోని స్తంభాన్ని చూడండి. అది అప్పటికీ జంటగానే కనిపిస్తే రేంజ్‌ఫైండర్ అమరిక తప్పిందన్నమాట.