సరఫరాదారు చెప్పిన ధర ఒకటి, మీకు పడే ధర ఒకటి

ప్రశ్న: పదేళ్లు ఉద్యోగం చేసి కొంత సొమ్ము కూడబెట్టాను. విదేశంలోని ఒక ఫ్యాక్టరీ నుంచి పిల్లల బొమ్మలు తెప్పించి అమ్మాలని ఉంది. వాళ్లు ఒక్కో బొమ్మకు ధర చెప్పి, 30 శాతం అడ్వాన్స్ పంపమంటున్నారు. నా దగ్గరున్న మొత్తానికి ఆ ధర చొప్పున ఎన్ని వస్తే అన్నీ ఆర్డర్ పెడదామనుకుంటున్నాను. సుంకం, లేబుళ్ల సంగతి సరుకు వచ్చాక చూసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. అడ్వాన్స్ పంపకముందే అడిగారు, అదే నాకు ఊరట. ఇప్పుడైతే అన్నీ సరిచేసుకోవచ్చు. సరుకు ఓడరేవులో దిగాక ప్రతి తప్పుకూ రోజువారీ అద్దె కట్టుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. బొమ్మల ధర 100 అనుకోండి. ఓడ కిరాయి, బీమా కలిపి 12. చాలా దేశాల్లో సుంకం వేసేది ఈ 112 మీద, ఇన్వాయిస్‌లో ఉన్న 100 మీద కాదు. (అమెరికా లాంటి కొన్నిచోట్ల కిరాయి, బీమా కలపరు.) సుంకం 10 శాతం అనుకుంటే 11.20. ఇప్పుడు మొత్తం 123.20. దేశీయ అమ్మకపు పన్ను 15 శాతం అనుకుంటే, అది ఈ మొత్తం మీద పడుతుంది, అంటే 18.48. రేవు ఛార్జీలు, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, గోడౌన్ దాకా లారీ కలిపి ఇంకో 9. మీకు పడ్డది దాదాపు 151. సుంకం 20 శాతమైతే 164 దాకా పోతుంది. ఈ శాతాలు ఉదాహరణకే చెప్పాను, మీ అసలు రేట్లు వేసి చూసుకోండి. అమ్మకపు పన్ను తర్వాత సర్దుబాటు అయినా, సరుకు విడిపించుకునే రోజున నగదు కట్టాల్సింది మీరే. మీ లెక్క ప్రకారం వెళ్తే ఆ రోజున మీ ఖాతాలో ఏమీ మిగలదు. బొమ్మలు కళ్లెదుటే ఉంటాయి, విడిపించుకోలేరు.

రేటు తెలియాలంటే హెచ్‌ఎస్ కోడ్ కావాలి, అంటే సరుకు ఏ రకమో చెప్పే అంకెల కోడ్. ప్రపంచ కస్టమ్స్ సంస్థ పద్ధతి ఇది, 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి 6 అంకెలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఎవరి దేశానివి వాళ్లవి. ఫ్యాక్టరీ వాళ్లు చెప్పిన కోడ్‌ని గుడ్డిగా రాసేయకండి, పొరపాటైతే జవాబుదారీ మీదే. బొమ్మల్లో ఈ తేడా ఎంత పని చేస్తుందో చూడండి. అమెరికాలో ఎక్స్‌మెన్ (కామిక్ పుస్తకాల సూపర్ హీరోలు) బొమ్మల మీద కోర్టు దాకా వెళ్లారు. అప్పట్లో సుంకం మనిషి రూపమైతే 12 శాతం, కాకపోతే 6.8 శాతం. అవి మనుషుల బొమ్మలు కావని 2003లో తీర్పు వచ్చింది. మీకు కోర్టు అక్కర్లేదు. చాలా దేశాల కస్టమ్స్ శాఖలు ముందస్తు రూలింగ్ ఇస్తాయి. బొమ్మ ఫొటో, ఏ పదార్థంతో చేశారో, ఎలా పనిచేస్తుందో రాసి ఇస్తే కోడ్ ఖరారు చేసి చెప్తారు. దానికి కొన్ని వారాలు పట్టినా ఆగండి.

ఇంకో మాట. సుంకం చూసేది సరుకు ఎక్కడ తయారైందన్నదాన్ని బట్టి, ఏ రేవులో ఓడ ఎక్కిందన్నదాన్ని బట్టి కాదు. రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం ఉండి, చెల్లుబాటయ్యే మూలస్థాన ధ్రువపత్రం మీ దగ్గరుంటే సుంకం తగ్గొచ్చు. ఒక దేశం మీద ప్రత్యేకంగా అదనపు సుంకం ఉంటే పెరగొచ్చు కూడా. 2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకు మీద అదనపు సుంకాన్ని కొద్దిరోజుల్లోనే 145 శాతానికి తీసుకెళ్లి, మే నెలలో 30 శాతానికి దించింది. ఓడ బయల్దేరినప్పటి రేటే దిగేటప్పుడూ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు.

ఇక లేబుల్. నా సలహా తీసుకునే ఒకాయన ఇలాగే "వచ్చాక చూద్దాం" అన్నారు. పెట్టెల మీద తయారైన దేశం పేరు లేదు, హెచ్చరిక స్థానిక భాషలో లేదు. అనుమతి తీసుకుని, రేవు పక్క గోడౌన్‌లో కూలీలను పెట్టి, ఒక్కో పెట్టె టేపు కోసి, ఒక్కో డబ్బా మీద స్టిక్కర్ అంటించి, మళ్లీ టేపు వేయించారు. స్టిక్కర్ ఖర్చు పెద్ద లెక్కలోకి రాదు. ఆయనకు గుచ్చుకున్నది డెమరేజ్ (సరుకు గడువు దాటి రేవులో ఉన్నందుకు రోజువారీ ఛార్జీ), గోడౌన్ అద్దె. ఆయన ముఖంలో ఆ టెన్షన్ నేను మర్చిపోలేను. అదే లేబుల్‌ని ఫ్యాక్టరీలో డబ్బాతోపాటు ముద్రిస్తే అదనంగా పడేది నామమాత్రం.

బొమ్మలకు సాధారణంగా అడిగేవి తయారైన దేశం, దిగుమతిదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, భద్రతా ముద్ర, చిన్న భాగాలుంటే మూడేళ్లలోపు పిల్లలకు వద్దన్న హెచ్చరిక. భద్రతా ముద్ర కావాలంటే పరీక్ష రిపోర్టు ఉండాలి, ఆ పరీక్ష ఖర్చు కూడా లెక్కలో వేయండి. సరుకు చెక్క ప్యాలెట్ల (పెట్టెలు పేర్చే చెక్క చట్రాలు) మీద వస్తే, చెక్కలో పురుగులు రాకుండా వాటికీ నిబంధన ఉంది. చెక్క మధ్య భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలేలా చేయడం ఒక పద్ధతి. అలా శుద్ధి చేశారని గోధుమ కంకి గుర్తున్న ముద్ర ప్యాలెట్ మీద ఉండాలి. ఆ ముద్ర లేదని సరుకు ఆపిన సందర్భాలున్నాయి.

సరఫరాదారు "ఇన్వాయిస్ తక్కువకు రాసిస్తాం, సుంకం మిగులుతుంది" అంటే ఒప్పుకోకండి. అది మోసం. పట్టుబడితే జరిమానా కట్టేదీ, సరుకు పోగొట్టుకునేదీ మీరే, రాసిచ్చినవాడు కాదు.

డబ్బు విషయానికి వస్తే, ఆరు నెలల ఇంటి ఖర్చు ముందు పక్కన పెట్టేయండి, అది వ్యాపారం సొమ్ము కాదు. మిగిలినదాంట్లో సగంతోనే మొదటి ఆర్డర్. ఆ సగాన్ని కూడా ఫ్యాక్టరీ చెప్పిన ధరతో కాదు, మీకు పడే ధరతో భాగించండి, అంటే మన ఉదాహరణలో 100తో కాదు, 151తో. మిగతా సగం సుంకం పెరిగినా, మారకం రేటు కదిలినా, అమ్మకం ఆలస్యమైనా ఆదుకోవడానికి. బంగారం తాకట్టు పెట్టి సంఖ్య పెంచాలనిపిస్తే దయచేసి ఆగండి. అడ్వాన్స్ పంపిన రోజు నుంచి బొమ్మ అమ్మి డబ్బు చేతికొచ్చేదాకా నెలలు పడుతుంది, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది.

మిగతా 70 శాతం సరుకు ఓడెక్కే ముందు, మీకూ ఫ్యాక్టరీకీ సంబంధం లేని మూడో సంస్థ తనిఖీ రిపోర్టు చూశాకే కట్టండి. రిపోర్టులో డబ్బా నాలుగు వైపులా ఫొటోలు ఉండాలని ఆర్డర్‌లోనే రాయండి. బ్యాంకు ఎల్‌సీ (సరైన కాగితాలు చూపితే సరఫరాదారుకు డబ్బిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) పెట్టుకున్నా ఈ పని తప్పదు. బ్యాంకు చూసేది కాగితాలనే, పెట్టె తెరిచి చూడదు.

ఈ వారం రెండు పనులు చేయండి. లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకర్‌తో కూర్చుని కోడ్, సుంకం, లేబుల్ నిబంధనలు కాగితం మీద రాయించుకోండి. ఫ్యాక్టరీని డబ్బా డిజైన్ ఫైలు పంపమనండి. ఆ రెండూ వచ్చాక లెక్క మళ్లీ వేసి పంపండి, ఎన్ని బొమ్మలకు ఆర్డర్ పెట్టాలో అప్పుడు చెప్తాను.