రష్యా వెళ్లే అమ్మాయికి ఏ డిక్షనరీ కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ చదవడానికి సెప్టెంబర్‌లో రష్యాలోని కజాన్ వెళ్తోంది. రష్యన్ ఒక్క ముక్క రాదు. జేబులో పట్టే డిక్షనరీ ఒకటి కొనిద్దామనుకుంటున్నాం. ఏది చూసి కొనాలి? ఫోన్‌లో యాప్ ఉంటే చాలు, పుస్తకం దండగ అంటోంది తను. మా నాన్నగారు ఎప్పుడో విశాలాంధ్రలో కొన్న సోవియట్ కాలపు ఇంగ్లీషు-రష్యన్ డిక్షనరీ ఇంట్లో ఉంది. అది పనికొస్తుందా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: కొనండి, దండగేమీ కాదు. అయితే అట్ట మీద ‘ఇన్ని వేల పదాలు’ అని వేసిన అంకె చూసి మాత్రం కొనకండి. ఇంగ్లీషు-రష్యన్, రష్యన్-ఇంగ్లీషు రెండు భాగాల్లోని మాటలూ, వాటి కింద ఇచ్చిన వాడుకలూ అన్నీ కలిపి ఆ అంకె చెబుతుంటారు. రష్యన్ భాషకు టోర్ఫెల్ అని ప్రభుత్వ పరీక్ష ఒకటుంది. అందులో మొట్టమొదటి మెట్టుకు 780 మాటలు, రెండో మెట్టుకు 1,300, ఆ పైదానికి 2,300 వస్తే చాలు. మొదటి రెండేళ్లకు మీ అమ్మాయికి కావలసిన మాటలు ఏ చిన్న డిక్షనరీలోనైనా ఉంటాయి. తేడా అంతా ఒక్కో మాట గురించి ఆ పుస్తకం ఎంత చెబుతుందన్న దాంట్లోనే.

అన్నిటికంటే ముందు ఊనిక, అంటే స్ట్రెస్, చూడండి. మనం తెలుగు ఎలా రాస్తే దాదాపు అలాగే చదువుతాం. రష్యన్ అలా కాదు. పాలను ‘మొలొకొ’ అని రాసి ‘మలకో’ అంటారు. ఊనిక పడిన అచ్చు ఒక్కటే నిండుగా పలుకుతుంది, మిగతా ‘ఒ’లు ‘అ’లాగా అయిపోతాయి. అది ఎక్కడ పడుతుందో రాత చూసి చెప్పలేం. పేపర్లలో, పుస్తకాల్లో, షాపుల బోర్డుల మీద దానికి గుర్తు కూడా పెట్టరు. ‘జామక్’ అంటే కోట, ‘జమోక్’ అంటే తాళం. రాతలో రెండూ ఒకటే. కాబట్టి రష్యన్ మాట మీద, ఊనిక పడే అచ్చు నెత్తిన చిన్న గీత ఉందేమో చూడాలి. రష్యన్-ఇంగ్లీషు భాగంలోనే కాదు, ఇంగ్లీషు-రష్యన్ భాగంలోనూ ఉండాలి. ఆ గీతలు లేకపోతే పుస్తకం అక్కడే పెట్టేయండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రష్యాలో అచ్చయ్యే ఇంగ్లీషు-రష్యన్ డిక్షనరీలు ఎక్కువగా ఇంగ్లీషు నేర్చుకునే రష్యన్ల కోసం చేసినవి. వాటిలో ఇంగ్లీషు మాటను ఎలా పలకాలో వివరంగా ఉంటుంది. రష్యన్ మాట వాళ్లకు ఎలాగూ తెలుసు కాబట్టి దాన్ని ఉత్తినే వదిలేస్తారు. మనకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉన్నది. మీ నాన్నగారి పుస్తకం ఏ రకమో ఇలా తేల్చుకోండి: పలికే తీరు ఇంగ్లీషు మాటల పక్కన ఉంటే అది రష్యన్ల కోసం చేసింది. రష్యన్ మాటల మీద గీతలుంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. రష్యన్ అక్షరాల సంస్కరణ 1918లోనే అయిపోయింది కాబట్టి స్పెల్లింగ్ పాతబడుతుందన్న భయం లేదు. మొబైల్, ఏటీఎం లాంటి మాటలు మాత్రం అందులో వెతక్కండి. అయినా తాతగారి పుస్తకం ఇంట్లోనే ఉంచి, కొత్తది కొనిస్తే మేలని నా ఉద్దేశం.

రెండోది లింగం. రష్యన్‌లో చాలా నామవాచకాల లింగం చివరి అక్షరాన్ని బట్టే తెలిసిపోతుంది. మెత్తని గుర్తుతో, అంటే సాఫ్ట్ సైన్ అనే ‘ь’ అక్షరంతో, ముగిసే మాటలతోనే తంటా. ‘ద్యేన్’ అంటే పగలు, పుంలింగం. ‘నోచ్’ అంటే రాత్రి, స్త్రీలింగం. రెంటికీ చివర ఆ ఒక్క గుర్తే. ఇలాంటి మాటల పక్కన లింగం రాసి ఉండాలి. మూడోది క్రియలు. పని జరుగుతూ ఉండటానికి ఒకటి, పూర్తవడానికి ఒకటి అని క్రియలు జంటలుగా ఉంటాయి. రాయడానికి ‘పిసాత్’, రాసి ముగించడానికి ‘నపిసాత్’. డిక్షనరీ రెండూ ఒకేచోట చూపించాలి. జంటలో ఒక్కదాన్నే ఇచ్చి ఊరుకునే పుస్తకంతో వాక్యం కట్టలేరు.

షాపులోనే చిన్న పరీక్ష పెట్టొచ్చు. వెళ్లడం అనే క్రియ ‘ఇత్తీ’. దాని భూతకాలం ‘షోల్’, ఎక్కడా పోలిక లేదు. మనిషిని ‘చెలవేక్’ అంటారు, మనుషులను ‘ల్యూది’ అంటారు. ‘షోల్’, ‘ల్యూది’ విడివిడిగా వాటి అక్షరాల కింద దొరికితే, ఆ పుస్తకం చేసినవాళ్లు కొత్తగా నేర్చుకునేవారి కష్టం ఆలోచించారని అర్థం. ఈ పరీక్ష అమ్మాయే చేయాలి, కాబట్టి కొనడానికి ముందే 33 అక్షరాలూ వరుసగా నేర్చుకోమనండి. ఇంగ్లీషు పి లా కనిపించేది ‘ర’, హెచ్ లా ఉండేది ‘న’, సి లా ఉండేది ‘స’. మొదట్లో తికమకగా ఉంటుంది, రెండు వారాల్లో అలవాటైపోతుంది. రష్యన్ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చిన్న పుస్తకాలు అసలు కొనకండి. వాటికి అలవాటు పడితే బస్సు బోర్డు కూడా చదవలేరు.

పేర్లు చెప్పమంటే, ఆక్స్‌ఫర్డ్, కాలిన్స్ చిన్న డిక్షనరీలు ఇంగ్లీషు తెలిసినవారి కోసం చేసినవి. ఆక్స్‌ఫర్డ్‌లో ‘మినీ’ అన్నది నిజంగా జేబులో పడుతుంది. ‘పాకెట్’ అన్నది పేరుకే పాకెట్, బ్యాగులో పెట్టుకోవాలి.

ఒక విషయంలో మన పిల్లలకు టెన్షన్ అక్కర్లేదు. రష్యన్‌లో ఆరు విభక్తులంటే ఇంగ్లీషు వాళ్లు హడలిపోతారు. ని, కి, తో, లో అంటూ పెరిగిన మనకు అందులో కొత్తేముంది? ‘సహాయం చేయడం’ అనే క్రియకు రష్యన్‌లో మన ‘కి’ లాంటి విభక్తే వస్తుంది. అందుకే డిక్షనరీలో ఇంగ్లీషు అర్థం పక్కనే పెన్సిల్‌తో తెలుగు అర్థం, ఆ విభక్తితో సహా, రాసుకోమనండి.

ఇక యాప్ సంగతి. అమ్మాయి మాటలో సగం నిజం. దుకాణంలో, మెట్రోలో ఫోనే తొందరగా అక్కరకొస్తుంది. కానీ విదేశీయులకు అక్కడ సిమ్ కార్డు ఇవ్వడానికి 2025 నుంచి బయోమెట్రిక్ నమోదు ఉండాలి, దిగిన రోజే చేతికి రాకపోవచ్చు. డ్రోన్ దాడుల కారణంగా 2025లో చాలా ప్రాంతాల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసిన రోజులున్నాయి. పైగా 2022 మార్చి నుంచి మన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు, గూగుల్ ప్లేలో డబ్బు కట్టి కొనడమూ ఆగిపోయింది. కాబట్టి డబ్బు కట్టే డిక్షనరీ యాప్ ఏదైనా ఉంటే ఇక్కడే కొని, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే రష్యన్ ఫైలు విమానం ఎక్కకముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మన జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2021 నిబంధనల ప్రకారం బోధన ఇంగ్లీషులోనే ఉండాలి, కోర్సు కనీసం 54 నెలలు, ఆ పైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్. కన్సల్టెన్సీ వాళ్లు ‘కొన్నాళ్లు ఇంగ్లీషు, తర్వాత రష్యన్’ అంటే ఫీజు కట్టకముందే యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. బోధన ఇంగ్లీషులో ఉన్నా రోగులు మాట్లాడేది రష్యనే. వార్డులోకి వెళ్లే నాటికి జేబు డిక్షనరీ చాలదు. జబ్బుల పేర్లు లాటిన్ నుంచో గ్రీకు నుంచో వచ్చినవే ఎక్కువ, పోల్చుకోవచ్చు. నొప్పి దగ్గరే ఇబ్బంది. మన దగ్గర సలుపు, పోటు, మంట, లాగుడు అన్నట్టే వాళ్లకూ రకరకాల మాటలున్నాయి, చిన్న పుస్తకంలో అవన్నీ పట్టవు. అందుకని మొదటి ఏడాది నుంచే వేరే నోట్‌బుక్ పెట్టి, సీనియర్లను అడిగి, రోగులు వాడే మాటలు ఊనిక గుర్తుతో సహా అందులోకి ఎక్కించుకోమనండి. పెద్ద డిక్షనరీ మూడో ఏడాదిలో అక్కడే కొనుక్కోవచ్చు, ఇక్కడి నుంచి మోసుకెళ్లి లగేజీ బరువు పెంచుకోనక్కర్లేదు.