గుర్రుమంటే తిట్టకండి, తలుపు వేయండి

ఏడేళ్ల ల్యాబ్రడార్ కుక్క (ల్యాబ్), కొత్తగా తెచ్చుకున్న ఇండీ (మన దేశీ కుక్క) పిల్ల. పిల్ల గిన్నె దగ్గరికి వస్తే ల్యాబ్ గుర్రు, క్రేట్ (కుక్క పడుకునే బోను) దగ్గరికి వస్తే ఇంకా పెద్ద గుర్రు. రెండింటినీ ఎలా కలపాలి అని అడిగారు. నన్నడిగితే తిండి దగ్గరా క్రేట్ దగ్గరా అసలు కలపొద్దు. మిగతా రోజంతా ఉంది కదా, అప్పుడు కలిసి ఆడుకుంటాయి.

మాది మల్కాజిగిరిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ల్యాబ్ పేరు బంటి, వీధిలో దొరికిన ఇండీ పేరు చిట్టి. "ఒక కంచంలో తింటేనే పొత్తు కుదురుతుందిరా" అని మా అమ్మ రెండింటికీ ఒకే బేసిన్‌లో పెరుగన్నం పెట్టేది. బంటి గుర్రుమన్నప్పుడల్లా నేను పేపర్ చుట్టి నేలకేసి కొట్టి గద్దించేవాణ్ణి. నెల తిరిగేసరికి గుర్రు ఆగిపోయింది. దారికొచ్చాడనుకున్నాను. ఓ ఆదివారం మటన్ వండిన పూట, గుర్రు లేదు, చప్పుడు లేదు, బంటి చిట్టి చెవి పట్టేశాడు. విడదీయబోతే నా అరచెయ్యి చీరుకుపోయింది. గుర్రు అంటే "ఇటు రాకు" అని వాడు చెప్పే మాట. ఆ మాటను నేనే మాన్పించాను. లోపల భయం మాత్రం అలాగే ఉంది.

చెయ్యి సంగతి కూడా చెప్పాలి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి నారాయణగూడ ఐపీఎంకి (కుక్కకాటు టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ) వెళ్లాను. మన కుక్కకి టీకాలు వేయించాం కదా అని ఇంట్లో కూర్చోకండి. నాకు 0 (అంటే మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో రేబిస్ టీకా సూదులు వేశారు. కొట్లాట మధ్యలో చెయ్యి పెట్టొద్దు. స్టీలు పళ్లెం నేలకేసి కొట్టండి, మందపాటి దుప్పటి వేయండి, లేకపోతే మధ్యలోకి కుర్చీ తోయండి.

ఇన్నేళ్లు ఊరుకున్న కుక్క ఇప్పుడే మొదలుపెట్టిందంటే ముందు డాక్టర్‌కి చూపించండి. బంటికి ఎక్స్‌రే తీస్తే తుంటి కీళ్లు అరిగాయని తేలింది. పిల్ల దూకుడుగా వచ్చి తగిలితే నొప్పి, అందుకే దూరం పెడుతున్నాడు. మందు మొదలుపెట్టాక సగం గొడవ తగ్గింది. (మనం వేసుకునే పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రం వేయకండి, కుక్కలకి అవి విషం.)

తిండి విషయం తేలికే. వేర్వేరు గదులు, మధ్యలో తలుపు. తినడం అయ్యాక రెండు గిన్నెలూ తీసేసి, కింద మెతుకులు లేవని చూసుకుని తలుపు తీస్తాం. ఖాళీ గిన్నె కోసం కూడా కొట్టుకుంటాయి, నవ్వకండి. ఆదివారమైతే కుక్కర్ మూత తీయకముందే ఎవరి గదిలో వాళ్లు. ఉడికించిన బొక్కలు ఇద్దరికీ బంద్, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. "నువ్వే లీడర్ అని తెలియాలి, తింటుంటే గిన్నెలో చెయ్యి పెట్టు" అని మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ పని అసలు చేయకండి.

క్రేట్ దగ్గర నేను చేసిన పెద్ద తప్పు దాన్ని పెట్టిన చోటు. హాలుకీ వంటింటికీ మధ్య, ఫ్రిజ్ పక్కన పెట్టాను. చిట్టి నీళ్లు తాగాలంటే బంటి క్రేట్ గుమ్మానికి అడుగు దూరంలోంచి పోవాలి. మనకది దారి. వాడికేమో రోజుకి పదిసార్లు ఎవరో గుమ్మంలోకి వచ్చి నిలబడటం, పైగా లోపలున్నవాడికి తప్పుకుపోయే దారి లేదు. బెడ్‌రూమ్ మూలకి మార్చి, పైన అమ్మ పాత నూలుచీర కప్పి, గుమ్మం ఒక్కటే తెరిచి ఉంచాం. వారంలో తేడా కనబడింది. పనమ్మాయికీ చెప్పాం, వాడు లోపలుంటే చీపురు పెట్టొద్దని. బయటికి రావాలంటే ముక్క చూపించి పిలుస్తాం, మెడపట్టా పట్టుకుని లాగం.

ఇవన్నీ కుదిరాకే అలవాటు చేయడం మొదలుపెట్టాం. బంటి క్రేట్‌లో, చిట్టి బెల్టుతో నా చెల్లి చేతిలో, ఎనిమిది అడుగుల దూరంలో. చిట్టి కనబడగానే బంటికి ఉడికించిన చికెన్ ముక్క, అది పక్కకి పోగానే ముక్కలు బంద్. నాలుగైదు సార్లు, అంతే, ఆ రోజుకి చాలు. ఒళ్లు బిగుసుకున్నా, నమలడం ఆపినా, తల కదపకుండా కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం, వెనక్కి జరగాలి. మాకు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు చిట్టి ఆ గదిలోంచి నడిచిపోతే బంటి తలెత్తి నా జేబు వైపు చూస్తాడు. కానీ నమిలే బొమ్మ ఇచ్చిన రోజు తలుపు వేయాల్సిందే, అది మారలేదు.

మీ క్రేట్ ఇంట్లో ఎక్కడుందో, చిన్నది నీళ్లకి ఎటు నుంచి పోతుందో రాయండి. అక్కడే ఏదో ఉందని నా అనుమానం.