ఒకే దీవిలో 22 రోజులు: గోజోపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మాల్టా దేశానికి చెందిన గోజో దీవిలో మావారు, నేను కిందటి శరదృతువులో 22 రోజులు గడిపి వచ్చిన సంగతిని ఈ శీర్షికలో నాలుగు ముక్కల్లో ప్రస్తావించినందుకు విజయవాడ, గుంటూరు ప్రాంతాల పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగిన ఐదు ప్రశ్నలకు ఈ సంచికలో జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మేమిద్దరం ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యాం. కొన్నేళ్ల కిందట ప్యాకేజీ యాత్రలో 11 రోజుల్లో ఐరోపాలోని 6 దేశాలు చూశాం. ఇప్పుడు తలచుకుంటే బస్సు కిటికీ, హోటల్ గది తప్ప ఏదీ స్పష్టంగా గుర్తు రావడం లేదు. ఈసారి ఒకే చోట నిదానంగా ఉండి, అక్కడి మనుషుల బతుకు చూడాలని మా కోరిక. అంత చిన్న దీవిలో మూడు వారాలు ఏం తోస్తుందని పిల్లలు అంటున్నారు. మీ సలహా ఏమిటి? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మా పిల్లలూ అదే మాట అన్నారు. గోజో విస్తీర్ణం 67 చదరపు కిలోమీటర్లే. పొడవు 14 కిలోమీటర్లు, అంటే మీ గుంటూరు నుంచి మా విజయవాడకు ఉన్న దూరంలో సగం కూడా లేదు. పెద్ద దీవి మాల్టా నుంచి ఉదయం పడవలో వచ్చి, జిగంతీయా రాతి ఆలయాలూ, దీవి ముఖ్య పట్టణం విక్టోరియాలోని కోటా చూసుకుని సాయంత్రానికి వెళ్లిపోయేవారే ఎక్కువమంది. చూడవలసిన చోట్లకు ఒక రోజు చాలునన్న మాట నిజమే. కానీ మీరు అడిగింది మనుషుల బతుకు గురించి కదా. అది తెలియాలంటే ఒకే వీధిలో, ఒకే అరుగు మీద, ఒకే వేళకు చాలా రోజులు కూర్చోవాలి.

మేము షారా అనే ఊళ్లో చర్చి కూడలికి రెండు వీధుల అవతల ఒక పాత రాతి ఇల్లు అద్దెకు తీసుకున్నాం. సెప్టెంబరు మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు దిగాం. అక్కడి పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేసి మళ్లీ నాలుగు గంటల వేళకు తెరుస్తారని మాకు తెలియదు. ఆకలితో వీధిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఎదురింటి ముసలావిడ మమ్మల్ని చూసి లోపలికి పిలిచి, రొట్టె మీద టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసి ఇచ్చారు. అప్పుడు గమనించాను, ఆవిడ వీధి తలుపుకు తాళంచెవి బయటి వైపే ఉంది. దొంగల భయం లేక, వచ్చే చుట్టాలు తామే తలుపు తీసుకుని లోపలికి రావడానికి వీలుగా అలా వదిలేయడం ఆ దీవిలో పాత అలవాటట. ఇప్పుడు ఆ అలవాటు తగ్గుతోందనీ, తనకు మాత్రం మానబుద్ధి కాలేదనీ ఆవిడ చెప్పారు.

ఆ రోజు నుంచి మేమూ ఊరి వేళలకే అలవాటు పడ్డాం. పొద్దున్నే రొట్టెల బండి హారన్ కొడుతూ వస్తుంది. ఆ తరువాత కూరగాయల బండి, మరో రోజు గ్యాస్ సిలిండర్ల బండి. ఇల్లాళ్లు తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకుంటూ కొనుక్కుంటారు. మధ్యాహ్నం ఊరంతా నిద్రపోతుంది. సాయంత్రం కూడలిలో బల్లల మీద పెద్దవాళ్లు చేరి చీకటి పడేదాకా కబుర్లు చెప్పుకుంటారు. మొదటి వారం మమ్మల్ని చూసి తల మాత్రం ఊపినవాళ్లే రెండో వారంలో జరిగి చోటిచ్చారు. మూడో వారంలో మావారు ఒక సాయంత్రం కూడలికి వెళ్లకపోతే ఆయన ఆరోగ్యం ఎలా ఉందని ఇంటికి వచ్చి అడిగారు. మన పల్లెల్లో రచ్చబండ మరిచిపోయి ఎన్నాళ్లయిందో అని ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

తోచకపోవడం అనే ప్రశ్నే రాలేదు. మార్సల్‌ఫోర్న్ రేవు దాటి ష్వేయ్నీ తీరం వెంట నడిస్తే సున్నపురాతిని గళ్లు గళ్లుగా తొలిచి చేసిన ఉప్పు మడులు కనిపిస్తాయి. మన చినగంజాంలో ఉప్పు మడులు మట్టివి; ఇక్కడ రాతిలోనే చెక్కినవి. వేసవిలో సముద్రపు నీరు ఇగిరిపోగా మిగిలిన ఉప్పును చీపుళ్లతో ఊడ్చి, కుప్పలు పోసి, పక్కనే కొండలో తొలిచిన గుహల్లో నిల్వ చేస్తారు. మేము వెళ్లేసరికి ఆ ఏటి పని ఆఖరు దశలో ఉంది. మూడు సార్లు వెళ్లి, మూడో సారి చీపురు పట్టుకున్న పెద్దాయనతో గంటసేపు మాట్లాడాం. వానచినుకు పడితే పదిరోజుల కష్టం కరిగిపోతుందని ఆయన అన్నప్పుడు మా ఉప్పు రైతుల మాటే విన్నట్లు అనిపించింది.

కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన నాకు అక్కడ అన్నిటికన్నా వింతగా తోచింది నీరు. ఆ దీవుల్లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. కుళాయిల్లో వచ్చే నీటిలో సగానికి పైగా సముద్రపు నీటిని శుద్ధి చేసి తయారుచేసినదే. అందుకే పాత ఇళ్లలో పైకప్పు మీద పడిన వాననీరు చేరే తొట్టి నేల కింద ఉంటుంది. ఎదురింటావిడ ఆ నీటినే మొక్కలకు పోసేవారు. పొలాల గట్ల మీద మన పల్నాటి చేలల్లో లాగే నాగజెముడు కంచె. దాని పండును ఒలిచి, ముళ్లు తీసి, చల్లార్చి తింటారు. మా చిన్నప్పుడు కంచెల దగ్గర నోరంతా ఎర్రగా చేసుకుని తిన్న రోజులు గుర్తొచ్చాయి.

కాబట్టి మీకు నా సలహా ఇది. మార్సల్‌ఫోర్న్, ష్లెండి రేవుల్లో హోటళ్ల జోలికి పోకుండా షారా, నాదుర్, ఆర్బ్ వంటి ఊళ్లలో ఒక ఇల్లు తీసుకోండి. దీవిలో బస్సులు చాలావరకు విక్టోరియా నుంచే బయల్దేరతాయి కనుక చాలా చోట్లకు పోవాలంటే అక్కడ మారాలి. ఆ విక్టోరియాను స్థానికులు రబాత్ అంటారు. రాణి పాలన 50 ఏళ్లు నిండిన సందర్భంగా 1887లో బ్రిటిష్‌వారు పెట్టిన పేరు ఇప్పటికీ కాగితాల మీదే ఎక్కువ.

ప్రశ్న: మావారు పూర్తి శాకాహారి. వెంట నెయ్యి, ఆవకాయ, కరివేపాకు తీసుకెళ్లవచ్చా? అక్కడ ఆయన తినగలిగేది ఏమైనా దొరుకుతుందా? – ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నెయ్యి పెట్టుకోవద్దు. బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి వచ్చే ప్రయాణికులు మాంసం గాని, పాలు గాని, వాటితో చేసిన పదార్థాలు గాని వెంట తీసుకురావడం నిషేధం. నేతి సున్నుండలను కూడా ఇంట్లోనే ఉంచి వెళ్లడం మంచిది. కరివేపాకు వంటి పచ్చి ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి కనుక అదీ వద్దు. ఆవకాయ, కందిపొడి, ఎండబెట్టిన కరివేపాకు పొడి చాలు. మేము వాటితోనే గడిపాం. బియ్యం, పప్పులు మాల్టాలోని భారతీయ సరుకుల దుకాణాల్లో దొరుకుతాయి. మనదేశం నుంచి వెళ్లి ఆసుపత్రుల్లో, హోటళ్లలో పనిచేసేవారు అక్కడ చాలామంది ఉన్నారు.

బయట తినేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. పస్తిత్సి అనే పొరల పిండివంటలో బఠానీ ముద్ద గాని, రికోటా జున్ను గాని పెడతారు. కొందరు పిండిలో జంతువుల కొవ్వు వాడతారు కాబట్టి ఏ కొవ్వు వాడారో అడిగి తీసుకోండి. గొర్రె పాలతో చేసే జ్బేనా అనే చిన్న గుండ్రని జున్నును పాత పద్ధతిలో జంతువుల నుంచి తీసిన తోడుతోనే పేరబెడతారు. నిశ్చింతగా తినదగినది బిగిల్లా: ఎండు చిక్కుళ్లను ఉడికించి, వెల్లుల్లి, మిరప, ఆలివ్ నూనె వేసి మెదిపిన ముద్ద. ఎదురింటావిడ చెప్పిన కథ ఒకటుంది. క్రీస్తుకు పూర్వం 3600 ప్రాంతంలో మొదలైన జిగంతీయా ఆలయాల రాళ్లను చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక రాక్షస స్త్రీ మోసుకొచ్చిందట, ఆమె తిన్నది చిక్కుళ్లూ తేనేనట. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవైన ఆ రాళ్ల దగ్గర నిలబడినప్పుడు ఆ కథనే నమ్మాలనిపించింది.

నాదుర్‌లోని కట్టెపొయ్యి బేకరీలలో చేసే ఫ్తీరా అనే పలుచని రొట్టె మీద బంగాళాదుంప, టమాటా, ఆలివ్, కేపర్ మొగ్గలు పరిచి కాలుస్తారు. చిన్న చేపలు కూడా వేస్తారు గనుక ముందే వద్దని చెప్పాలి. మాల్టా ఫ్తీరా సంప్రదాయాన్ని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. రొట్టెను అక్కడ అరబ్బీ మాట ఖుబ్జ్‌కు దగ్గరగా పలుకుతారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లు ఖుబూస్ అనే మాటే అది. మాల్టీస్ అరబ్బీ నుంచి పుట్టి లాటిన్ లిపిలో రాసే భాష. ఇంగ్లీషు కూడా అధికార భాషే కాబట్టి మీకు మాట ఇబ్బంది ఉండదు. అయినా ‘గ్రాత్సి’ అని కృతజ్ఞత చెప్పి చూడండి, ఎదుటివారి ముఖం విచ్చుకుంటుంది.

ప్రశ్న: ఏ నెలలో వెళ్లాలి? నాటకాలు, ఉత్సవాలు చూడాలని నా ఆశ. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఊరి చర్చి ఉత్సవాలకైతే వేసవిలో వెళ్లాలి, విక్టోరియాలో ఆగస్టు 15న, షారాలో సెప్టెంబరు 8న జరుగుతాయి. ఎండ మాత్రం గట్టిగా ఉంటుంది. పద్యనాటకం అంటే ప్రాణం పెట్టే తెనాలివారు కనుక మీకు అక్టోబరే చెబుతాను. విక్టోరియాలో ఒకే వీధిలో ఆస్ట్రా, అరోరా అని రెండు నాటకశాలలు ఉన్నాయి. రెండింటినీ నడిపేవి ఊళ్లోని రెండు వాద్యబృందాల సంఘాలు. లా స్టెల్లావారిది సెయింట్ జార్జి చర్చి పక్షం, లియోనేవారిది కెథడ్రల్ పక్షం. ఏటా ఒకరిని మించి ఒకరు చేయాలనే పట్టుదలతో చెరొక ఒపెరా, అంటే పాటలతో సాగే నాటకం, వేస్తారు. ముఖ్య గాయకులు బయటి నుంచి వచ్చినా బృందగానంలో ఆ ఊరివారే ఉంటారు. సుమారు 40,000 మంది ఉన్న దీవి రెండు ఒపెరాలను నిలబెట్టుకుంటున్నదంటే నాకు నిజంగా చెయ్యెత్తి నమస్కరించాలనిపించింది. టికెట్లు ముందే కొనుక్కోండి.

ప్రశ్న: మేము నేతపని కుటుంబం. అక్కడి చేతిపనులు చూడదగినవేనా? – ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: తప్పకుండా. గోజో లేసును చూడండి. మన నరసాపురం లేసును కొక్కెపు సూదితో అల్లుతారు. గోజోలో ఒక పొడవాటి దిండు మీద నమూనా కాగితం గుచ్చి, గుండుసూదుల చుట్టూ డజన్ల కొద్దీ చిన్న కర్ర కండెలను అటూ ఇటూ దాటిస్తూ దారాలు పెనవేస్తారు. మా ఎదురింటావిడ వేళ్లు కదులుతుంటే కండెలు టకటకలాడే శబ్దం మగ్గం చప్పుడుకు చెల్లెలిలా ఉంటుంది. రెండు రోజులు పక్కన కూర్చుంటే నాకు వేలెడంత అంచు నేర్పారు. ఆవిడ మనవరాలికి ఆ పని మీద ఆసక్తి లేదట. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ ముఖంలో కనిపించిన దిగులు మీ ఇంట్లోవారికి నేను వివరించనక్కరలేదు. దుకాణాల్లో యంత్రపు లేసు కూడా అమ్ముతారు కాబట్టి అల్లేవారి దగ్గరే కొనండి.

ప్రశ్న: వీసా, పడవ ప్రయాణం సంగతి చెప్పగలరు. – ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మాల్టాకు షెంగెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా, కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మన ప్లగ్గులు అక్కడి బ్రిటిష్ పద్ధతి సాకెట్లలో పట్టవు, అడాప్టర్ పెట్టుకోండి. మాల్టా దీవి ఉత్తరపు కొసనున్న చిర్‌కేవా రేవు నుంచి గోజోకు పెద్ద పడవలో 25 నిమిషాలు పడుతుంది. రాజధాని వలెట్టా నుంచి నడిచి ఎక్కేవారికి వేగపు పడవ కూడా ఉంది. గాలి బాగా వీచిన రోజున పడవలు ఆగవచ్చు కాబట్టి విమానం పట్టుకోవలసిన నాటికి ముందురోజే మాల్టా చేరుకోండి. చిర్‌కేవాలో టికెట్ ఇచ్చేవారు కనిపించలేదని మేము చాలా కంగారు పడ్డాం. ఆ పెద్ద పడవకు గోజో వెళ్లేటప్పుడు ఛార్జీ అడగరు. రానుపోను సొమ్మంతా తిరిగి వచ్చే రోజున, గోజో రేవులోనే తీసుకుంటారు.