పొదగని గుడ్ల మీద జాకీ అన్నాళ్లు ఎందుకు కూర్చుంది?

గడువు దాటినా జాకీ గుడ్ల మీంచి లేవలేదు, అవి పనికిరావని దానికి తెలియదా, చూసేవాళ్లయినా ఏమన్నా చేయొచ్చుగా అని అడిగారు. 2024లో నేనూ ఇదే గొణుక్కుంటూ కూర్చున్నవాణ్నే.

తెలియనివాళ్ల కోసం: జాకీ, షాడో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ సరస్సు దగ్గర ఉండే బాల్డ్ ఈగల్ (తెల్ల తల గద్ద) జంట. జాకీ ఆడది, షాడో మగది. జెఫ్రీ పైన్ చెట్టు మీద, దాదాపు 145 అడుగుల ఎత్తున గూడు. ఫ్రెండ్స్ ఆఫ్ బిగ్ బేర్ వ్యాలీ అనే సంస్థ 2015లో అక్కడ కెమెరా పెట్టింది. జనవరిలో అక్కడ తెల్లవారేసరికి మనకు రాత్రి ఎనిమిదిన్నర. కంచం ముందు ఫోను ఆనించుకుని చూస్తాను. మా ఆవిడ దీన్ని 'మీ సీరియల్' అంటుంది.

2024 జనవరి చివర్లో జాకీ మూడు గుడ్లు పెట్టింది. ఫిబ్రవరి మంచు తుఫానులో దాదాపు 62 గంటలు లేవలేదు. వీపంతా మంచు కప్పేసింది. షాడో వచ్చి పక్కన నిలబడి చూసేవాడు, వంతు ఇవ్వమన్నట్టు. ఊహూ. ఆ గూట్లో పిల్లలు బయటికి రావడానికి మామూలుగా 38-40 రోజులు పడుతుంది. ఆ రోజులూ దాటాయి. గుడ్ల దగ్గర నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుని పిడికిళ్ల మీద నడుస్తాయి ఇవి. పిల్ల లేని గుడ్డు దగ్గరా అదే జాగ్రత్త. అది చూసినప్పుడే నాకు గొంతు పట్టేసింది.

మా అమ్మమ్మ కోడిని పొదగేసేటప్పుడు గుడ్లను దీపానికి అడ్డంపెట్టి చూసి, మురిగినవి తీసేసేది. కోడికి ఆ తేడా తెలియదు. గుడ్డు పొట్టకు తగులుతున్నంతసేపూ పొదగమని చెప్పే ప్రొలాక్టిన్ హార్మోన్ తగ్గదు. గుడ్లు లేకుండా ఊరికే మొండిగా గంపలో కూర్చునే కోడిని అమ్మమ్మ నీళ్లలో ముంచి లేపేది. జాకీదీ అదే లెక్క, కాకపోతే ముంచేవాళ్లు లేరు. మెల్లమెల్లగా అవే లేచి వెళ్లడం ఎక్కువైంది, చివరికి మాలకాకి వచ్చి గుడ్డు పొడిచింది.

మరి మనుషులు ఎందుకు ఎక్కరంటారా? ఈ గద్దల జోలికి వెళ్లకుండా 1940 నుంచీ అమెరికాలో చట్టం ఉంది. చట్టం సంగతి అటుంచినా, మనిషి చెట్టెక్కితే జంట బెదిరి లేస్తుంది, ఆ చలికి బాగున్న గుడ్లూ పోతాయి. నాకైతే ఇది సరైన పద్ధతే అనిపిస్తుంది. 2025 మార్చిలో మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. కొన్నాళ్లకే తుఫాను రాత్రి ఒక పిల్ల పోయింది. మనకది పగలు. ఆఫీసులో తెర చిన్నది చేసుకుని చూస్తున్నాను. అప్పుడు మాత్రం 'సరైన పద్ధతి' అని నోట్లోంచి రాలేదు. మిగిలిన రెండింటికీ అక్కడి మూడో తరగతి పిల్లలు ఓట్లేసి సన్నీ, గిజ్మో అని పేర్లు పెట్టారు. జూన్‌లో రెండూ ఎగిరాయి.

మీరు కొత్తగా చూస్తుంటే గుడ్డు చిట్లే రోజు కోసమే కాచుకోకండి. వంతులు మారే వేళ చూడండి. షాడో పెద్ద పుల్ల మోసుకొచ్చి ఒకచోట పెడతాడు, జాకీ దాన్ని లాగి ఇంకోచోట పెడుతుంది, మళ్లీ వాడు లాగుతాడు. ఒక్కోసారి ఆ పుల్ల జాకీ వీపు మీదే పడుతుంది.